పెట్టె మీద లేని జబ్బు

మా పెద్దమ్మకు డెబ్బై రెండో ఏట వీపు మీద సర్పి లేచింది. పొక్కులు మూడు వారాల్లో మాడిపోయాయి గానీ మంట మాత్రం వదల్లేదు. రవిక బట్ట తగిలితే చాలు, నిప్పుకణిక పెట్టినట్టు ఉలిక్కిపడేది. టౌన్లో డాక్టరుగారు రాత్రి పడుకునే ముందు వేసుకోమని ఒక చిన్న మాత్ర రాశారు. పది రోజులకు మంట సగానికి తగ్గింది. చాన్నాళ్ల తర్వాత ఆమె కంటినిండా నిద్రపోయింది. పన్నెండో రోజున మనవడు ఆ మాత్ర పేరు ఫోనులో కొట్టి చూశాడు. అమిట్రిప్టిలిన్. డిప్రెషన్‌కు వాడే మందు అని వచ్చింది. "నాకు మతి చెడిందనుకున్నాడా ఆయన?" అంటూ పెద్దమ్మ మాత్రల అట్ట తీసి చెత్తబుట్టలో పడేసింది. వారం తిరక్కుండానే మంట మళ్లీ మొదలైంది.

మనవడు చదివింది నిజమే. డాక్టరు రాసిందీ సరైన మందే. ఆ మందుకు అమెరికాలో 1961లో అనుమతి వచ్చింది డిప్రెషన్ కోసం. సర్పి తర్వాత మిగిలే నరాల మంటకు అది పనికొస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది, ప్రపంచమంతా డాక్టర్లు రాస్తున్నారు. అయినా అమెరికా అనుమతి పత్రంలో ఆ నొప్పి పేరు నేటికీ లేదు. ఇలా అనుమతి పత్రంలో లేని జబ్బుకో, లేని మోతాదులోనో, లేని వయసువారికో, లేని మార్గంలోనో మందు ఇవ్వడాన్ని వైద్యులు ఆఫ్-లేబుల్ వాడకం అంటారు. లేబుల్ అంటే ఇక్కడ సీసాకు అంటించిన కాగితం ఒక్కటే కాదు. మందు దేనికి, ఎంత, ఎవరికి, ఎలా ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ప్రభుత్వం ఒప్పుకున్న పూర్తి పాఠం. పెట్టెలో పదహారు మడతలు పెట్టి ఉండే ఆ సన్నక్షరాల కాగితం దాని అచ్చుప్రతి.

ఆ పాఠం ఎలా పుడుతుందో తెలిస్తే తప్ప, దాన్ని దాటిన డాక్టరు ఎక్కడ నిలబడి ఉన్నాడో అర్థం కాదు. ఒక కంపెనీ ఫలానా జబ్బు ఉన్న ఇంతమందికి ఈ మోతాదులో మందు ఇచ్చి చూశామని లెక్కలు తెచ్చి చూపిస్తుంది. మన దేశంలో డ్రగ్స్ కంట్రోలర్ జనరల్, అమెరికాలో ఎఫ్‌డీఏ ఆ లెక్కలు పరిశీలించి, అంతవరకే అనుమతి ఇస్తాయి. మందు పనిచేస్తుందని రుజువు చూపాల్సిందేనన్న నిబంధన అమెరికాలో 1962లో వచ్చింది. థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర ఐరోపాలో వేల మంది పసిపిల్లలను కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టించిన తర్వాత వచ్చిన చట్టం అది. అమెరికాలో ఆ మందుకు అనుమతి ఇవ్వకుండా, ఇంకా ఆధారాలు తెమ్మని పట్టుబట్టి నిలిపింది ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి. ఈ పాఠంలోని ప్రతి వాక్యం వెనుక అలాంటి పట్టుదల ఉంది. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అలాగని దాన్ని వేదవాక్కుగా కూడా తీసుకోలేం. ఒక జబ్బు పేరు పత్రంలో లేకపోతే, ఆ మందు దానికి పనిచేయదని తేలిందని అర్థం కాదు. ఎవరూ వెళ్లి అనుమతి అడగలేదనే చాలాసార్లు అర్థం. పేటెంటు తీరిపోయి మాత్ర రూపాయికి దొరికే మందు మీద కోట్లు ఖర్చుపెట్టి కొత్త ప్రయోగం చేసే కంపెనీ ఉండదు. పిల్లల మీద, గర్భిణుల మీద ప్రయోగాలు చేయడానికి అందరూ జంకుతారు. అందుకే వాళ్లకు ఇచ్చే మందుల్లో చాలావరకు పత్రానికి బయటే ఉండిపోతాయి. పెద్దల మాత్రను నూరి, తేనెలో రంగరించి పసివాడికి పట్టే పిల్లల డాక్టరు ఆఫ్-లేబుల్ అనే మాట పలకకపోవచ్చు, చేస్తున్నది మాత్రం అదే.

మిసోప్రోస్టాల్ కథ చూడండి. కడుపులో పుండ్లు పడకుండా కాపాడడానికి అమెరికాలో 1988లో అనుమతి పొందిన మాత్ర ఇది. గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం దానికి ఉందని ప్రసూతి వైద్యులు త్వరలోనే పట్టుకున్నారు. నొప్పులు రాని గర్భిణికి నొప్పులు తెప్పించడానికి, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి అది పనికొచ్చింది. చిక్కల్లా మాత్ర సైజుతోనే వచ్చింది. దొరికేది 200 మైక్రోగ్రాముల మాత్ర, నొప్పులకు కావలసింది 25. బ్లేడుతో మాత్రను ఎనిమిది ముక్కలు చేసేవారు. ఒక ముక్కలో 15 వెళ్లిందో 40 వెళ్లిందో చెప్పగలిగేవారు లేరు. ముందు సిజేరియన్ అయిన గర్భసంచి అతిగా ముడుచుకుని కుట్ల దగ్గర చిరిగిన సందర్భాలు నమోదయ్యాయి. 2000 సంవత్సరంలో కంపెనీయే అమెరికా వైద్యులకు లేఖ రాసింది, గర్భిణులకు దీన్ని వాడొద్దని. ప్రసూతి వైద్యులు ఆ లేఖను ఒప్పుకోలేదు. సరైన మోతాదు, సరైన ఎంపిక ఉంటే ఇది తల్లుల ప్రాణాలు నిలిపే మందని వాదించారు. కాలం వాళ్ల వైపే నిలిచింది. ఈరోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అది ప్రసూతి అవసరాలకే ఉంది. మన దేశంలో 25 మైక్రోగ్రాముల మాత్ర విడిగా దొరుకుతోంది. బ్లేడు అవసరం తీరింది. కానీ ఆ మధ్య ఏళ్లలో గర్భసంచి చిరిగిన ప్రతి కేసులోనూ, లేబర్ రూములో మాత్రను ముక్కలు చేసిన డాక్టరుకు కంపెనీ పత్రం వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే కాగితంగానే ఉండేది.

ఎంత తరచుగా జరుగుతుంది ఇదంతా? అమెరికాలో 2001 నాటి చీటీలను పరిశీలించి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం, ఎక్కువగా వాడే మందుల విషయంలో ప్రతి అయిదు చీటీల్లో దాదాపు ఒకటి ఆఫ్-లేబుల్ అని చెప్పింది. అంతకన్నా ఆలోచించాల్సిన సంగతి, ఆ ఆఫ్-లేబుల్ వాడకంలో 73 శాతానికి శాస్త్రీయ ఆధారం లేదు, ఉన్నా అంతంతమాత్రమే. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో దాదాపు 46 వేల మంది చీటీలను అనుసరించి 2016లో వెలువరించిన అధ్యయనం ఇంకొక అడుగు ముందుకు వేసింది. అక్కడ డాక్టర్లు మందు రాసేటప్పుడు ఏ జబ్బుకు రాస్తున్నారో కంప్యూటరులో తప్పనిసరిగా నమోదు చేసేవారు. ఏ మందు ఎందుకు ఆపారో కూడా రాసేవారు. లెక్క తీస్తే, ఆఫ్-లేబుల్ మందుల వల్ల హాని కలిగే రేటు 44 శాతం ఎక్కువగా ఉంది. గట్టి ఆధారం లేని వాడకాన్ని విడదీసి చూస్తే 54 శాతం ఎక్కువ. గట్టి ఆధారం ఉన్న ఆఫ్-లేబుల్ వాడకంలో మాత్రం, పత్రంలో ఉన్న వాడకానికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

నాకు ఈ అధ్యాయంలో చెప్పాలని ఉన్నది ఈ చివరి అంకెలోనే ఉంది. పత్రం గీసిన గీత దాటడం వల్లనే రోగికి హాని రాదు. ఆధారం లేకుండా దాటినప్పుడు వస్తుంది. డాక్టరుకు వచ్చే ముప్పు కూడా అక్కడి నుంచే పుడుతుంది.

ఆధారం లేదని ఏ డాక్టరూ అనుకోడు. అసలు ఇబ్బంది అదే. తర్కం ఎంత అందంగా ఉంటుందో చూడాలంటే 1980లలో అమెరికాలో గుండె డాక్టర్లు చేసిన ఆలోచన చూడాలి. గుండెపోటు వచ్చి బతికినవారిలో కొందరికి గుండె మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పి కొట్టుకుంటుంది. అలా లయ తప్పే వాళ్లలో హఠాన్మరణాలు ఎక్కువ. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులు ఆ తప్పు దెబ్బలను బాగా అణచేస్తాయి. కాబట్టి ఆ మందులు ఇస్తే మరణాలు తగ్గాలి. ఆ మందులకు అనుమతి వచ్చింది తీవ్రమైన లయదోషాలకు. డాక్టర్లు మాత్రం గుండెపోటు తర్వాత చిన్నపాటి దెబ్బలు తప్పేవారికి కూడా రాయసాగారు. ఈసీజీ తీస్తే గీతలు చక్కగా, నిక్కచ్చిగా వచ్చేవి. రోగీ సంతోషించేవాడు, డాక్టరూ సంతోషించేవాడు.

ఈ తర్కం నిజమేనా అని తేల్చడానికి అమెరికా ప్రభుత్వ నిధులతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. దాని పేరు కాస్ట్. ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం అన్యాయమని అప్పట్లో కొందరు డాక్టర్లు అభ్యంతరం చెప్పారు, మందు పనిచేస్తుందన్న నమ్మకం అంత గట్టిది. 1989లో ఈ రెండు మందులను పరీక్షించే భాగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది. దెబ్బలు తప్పడం తగ్గిస్తున్న మందే, గుండెను ఒక్కసారిగా ఆపేస్తోంది. సగటున పది నెలల్లో తేలిన లెక్క ఇది. ఆ ప్రయోగంలో లేకుండా, దేశమంతటా మామూలు క్లినిక్కుల్లో ఆ మాత్రలు మింగిన వాళ్ల సంగతి ఊహించుకోవాలి. వాళ్లు చనిపోయినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. గుండెపోటు వచ్చిన మనిషి గుండె ఆగి చనిపోయాడు, అంతే అనుకున్నారు.

ఒక డాక్టరు తన రోగులను తానే గమనించుకుని ఈ హానిని పట్టుకోగలడా? పట్టుకోలేడు. ఏడాదికి నలభై మందికి ఆ మందు రాసిన డాక్టరు దగ్గర ఇద్దరు ముగ్గురు చనిపోతే అది జబ్బు స్వభావంగానే కనబడుతుంది. "నా అనుభవంలో బాగా పనిచేసింది" అనే మాటను మనం డాక్టర్ల నోట తరచూ వింటాం. అది నిజాయితీగా చెప్పే మాటే. బతికినవాళ్లు తిరిగి వచ్చి కృతజ్ఞత చెబుతారు, చనిపోయినవాళ్లు రారు. అనుభవానికి ఉన్న ఈ ఒంటికంటి చూపు ఎంత మంచి డాక్టరుకైనా ఉంటుంది.

మరోవైపు, గీత దాటిన చూపే కొత్త వైద్యాన్ని కనిపెట్టిన సందర్భమూ ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఒక పసిబిడ్డ ముక్కు మీద పెద్ద రక్తనాళపు గడ్డ ఉంది. బిడ్డకు గుండె ఇబ్బంది వస్తే ప్రోప్రనోలాల్ ఇచ్చారు. రక్తపోటుకు వాడే పాత మందు అది. మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది. ఆ డాక్టర్లు అది చూసి ఊరుకోలేదు. మరికొందరు పిల్లలకు ఇచ్చి, 2008లో ఆ వివరాలు ప్రచురించారు. తర్వాత సరైన ప్రయోగం జరిగింది. 2014లో అదే మందుకు పిల్లల ద్రావణం రూపంలో అమెరికాలో అనుమతి వచ్చింది. గడ్డ కరగడాన్ని వాళ్లూ ముందు తమ కళ్లతోనే చూశారు. కానీ ఆ చూపు దగ్గరే ఆగిపోకుండా దాన్ని పరీక్షకు పెట్టారు.

కోవిడ్ రోజుల్లో మనవాళ్లు ఈ రెండు దారులనూ ఒకే మందులో చూశారు. డెక్సామెథసోన్ అరవై ఏళ్ల నాటి స్టెరాయిడ్, చవకైనది. కోవిడ్ పేరు అప్పటికి దాని పత్రంలో లేదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు సుమారు మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో సుమారు అయిదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో ఏ మేలూ కనబడలేదు, హాని ఉండవచ్చన్న సూచన కూడా ఉంది. మోతాదు రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా.

ఈ ఫలితంలో మొదటి సగం మన ఊళ్లకు చేరింది, రెండో సగం చేరలేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో జ్వరం వచ్చిన రెండో రోజునే, ఆక్సిజన్ 98 ఉండగానే స్టెరాయిడ్ మొదలుపెట్టిన చీటీలు వాట్సాప్‌లో ఇంటింటికీ తిరిగాయి. మోతాదు ఎక్కువ, రోజులూ ఎక్కువ. మన దగ్గర చక్కెర జబ్బు ఎంత ఉందో తెలిసిందే. స్టెరాయిడ్ చక్కెరను పెంచింది, రోగనిరోధక శక్తిని తగ్గించింది. ఆ నేల మీద మ్యూకోర్ అనే బూజు మొలిచింది. బ్లాక్ ఫంగస్ అని అందరూ పిలిచిన జబ్బు అది. తెలంగాణ ప్రభుత్వం ఆ మే నెలలోనే దాన్ని తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. ముక్కు లోపలి ఎముకలు, దవడ, కొందరికి కన్ను తీసేస్తేగాని ప్రాణం దక్కలేదు. జూలై నాటికి దేశంలో నమోదైన కేసులు 45 వేలు దాటాయి. కారణం స్టెరాయిడ్ ఒక్కటే కాదు, డెల్టా రకం వైరస్, అదుపు తప్పిన చక్కెర కూడా ఉన్నాయి. అయినా మందును పెంచకుండా ఉండడం ఒక్కటే డాక్టరు చేతిలో ఉన్న పని. ఆనాటి ఒత్తిడి నాకు తెలుసు. రోగి బంధువులు ఫోనులో ఏడుస్తుంటే ఏదో ఒకటి రాయకుండా ఉండడం ఎంత కష్టమో తెలుసు. కోఠిలో ఒక కన్ను పోయి బయటికి వచ్చిన మనిషికి ఆ కష్టం జవాబు కాదు.

ఇక చట్టం సంగతి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మందుల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని అదుపు చేస్తుంది. డాక్టరు చీటీ మీద ఏ జబ్బుకు ఏ మందు రాయాలో అది నేరుగా చెప్పదు. ఆఫ్-లేబుల్ రాయవచ్చని స్పష్టమైన అనుమతి మన చట్టాల్లో లేదు, రాయకూడదని సాధారణ నిషేధమూ లేదు. ఈ ఖాళీలో డాక్టరు ఒంటరిగా నిలబడతాడు. పత్రం ప్రకారం ఇచ్చిన మందు వికటిస్తే, కంపెనీ చేయించిన ప్రయోగాలు, ప్రభుత్వం ఇచ్చిన అనుమతి ఆయనకు కొంత అండ. పత్రం దాటాక ఆ రెండు అండలూ ఉండవు. కంపెనీ "మేం ఆ జబ్బుకు చెప్పలేదు" అంటుంది, నిజమే కూడా. ఆసుపత్రి బీమా పాలసీలో ఈ వాడకానికి రక్షణ ఉందో లేదో చాలామంది డాక్టర్లు నోటీసు వచ్చిన తర్వాతే చదువుతారు.

కోర్టులో అడిగే ప్రశ్న వేరే. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇంగ్లండులోని 1957 నాటి బోలమ్ కొలతను స్వీకరించింది. ఆ రంగంలో నేర్పున్న వైద్యుల్లో బాధ్యతగల ఒక వర్గం ఆ పని సరైనదే అంటుందా అని ఆ కొలత అడుగుతుంది. ఆ వర్గం చేతిలో ప్రచురితమైన పరిశోధనలు, వైద్యసంఘాల మార్గదర్శకాలు ఉంటే ఆఫ్-లేబుల్ వాడకం నిలబడుతుంది. సమావేశంలో విన్న ఉపన్యాసం, మెడికల్ రెప్ ఇచ్చిపోయిన రంగుల కాగితం ఉంటే నిలబడదు.

1998లో కోల్‌కతాలో జరిగిన ఒక సంఘటన గురించి ప్రతి వైద్య విద్యార్థీ చదవాలి. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన ఒక యువతికి ఒంటి మీద దద్దుర్లు లేచాయి. డిపో-మెడ్రాల్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ రాశారు, 80 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. డిపో అంటే నిల్వ. కండలో నిల్వ ఉండి రోజుల తరబడి కొద్దికొద్దిగా కరిగే మందు అది. అందుకే వారానికో రెండు వారాలకో ఒకసారి ఇస్తారు. రోజుకు రెండుసార్లు అని ఏ పత్రంలోనూ లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె జబ్బు, మందులు పడక చర్మం కాలినట్టు ఊడిపోయే టెన్ అనే తీవ్రమైన స్థితిగా తేలింది. మే 28న ఆమె ముంబయిలో చనిపోయింది. ఆమె భర్త స్వయంగా వైద్యుడు, పదిహేనేళ్లు కోర్టుల్లో పోరాడాడు. డాక్టర్ల మీద క్రిమినల్ నేరం నిలబడలేదు గానీ, నిర్లక్ష్యం నిజమని సుప్రీంకోర్టు 2009లో తేల్చింది. 2013లో 5.96 కోట్ల రూపాయల పరిహారం, దాని మీద వడ్డీ ఇవ్వాలని తీర్పు చెప్పింది. మోతాదు ఎందుకు దాటారో చెప్పే ఆధారం దొరకలేదు. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో జ్వరం, నాడి, రక్తపోటు చూసి రాసిన లెక్కలు కూడా సరిగా లేవు. మోతాదు దాటినవాడు రెట్టింపు కనిపెట్టి ఉండాలి, కనిపెట్టింది కేస్ షీటులో రాయాలి. ఇక్కడ ఆ రెండూ జరగలేదు.

రోగికి చెప్పడం మూడో సంగతి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, రోగి సమ్మతి అంటే ఏం చేస్తున్నారో, లాభనష్టాలేమిటో, వేరే దారులేమున్నాయో తెలిసి ఇచ్చే సమ్మతి అని చెప్పింది. అది ఆపరేషన్ గురించిన కేసు. అయినా దాని సారం మందుకూ వర్తిస్తుందని నేను నమ్ముతాను. మా పెద్దమ్మకు మందు రాసిన డాక్టరుగారు చేసిన పొరపాటు ఒక్కటే. "అమ్మా, ఇది కుంగుబాటుకు వచ్చిన మందు, కానీ నరాల మంట కూడా తగ్గిస్తుంది, నీకు అందుకే రాస్తున్నా" అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ అట్ట చెత్తబుట్టలో పడేది కాదు. బయట ఎనభై మంది రోగులు కూర్చుని ఉంటే ఆ వాక్యానికి పది సెకన్లు కూడా దొరకవన్నది నిజం. దొరకబుచ్చుకోవాలన్నదీ నిజమే.

కంటి వైద్యంలో ఇదే వాదన చాలా పెద్ద స్థాయిలో నడిచింది. బెవాసిజుమాబ్ అనే మందు అవాస్టిన్ పేరుతో 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు వచ్చింది. గడ్డకు రక్తం తెచ్చే కొత్త నాళాలు పెరగకుండా ఆపుతుంది. వయసు మీదపడ్డాక రెటీనా కింద అలాంటి చెడ్డ నాళాలే పెరిగి చూపు పోగొడతాయి. 2005లో మయామీలో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అనే వైద్యుడు దాన్ని కంట్లోకి కొద్దిగా ఎక్కించి చూశాడు. చూపు మెరుగుపడింది. మరుసటి ఏడాది ఆ మందుల కుటుంబానికే చెందిన లూసెంటిస్ అనే మందు ప్రత్యేకంగా కంటి కోసం అనుమతితో వచ్చింది. అప్పట్లో అమెరికాలో లూసెంటిస్ మోతాదు సుమారు 2,000 డాలర్లు, అవాస్టిన్ నుంచి విడదీసిన మోతాదు సుమారు 50. 2011లో ప్రభుత్వ నిధులతో జరిగిన క్యాట్ ప్రయోగం రెండూ చూపును సమానంగా కాపాడతాయని తేల్చింది. చవక మందు ప్రమాదకరమన్న భయాన్ని వ్యాపింపజేయడానికి రోషే, నోవార్టిస్ కంపెనీలు కుమ్మక్కయ్యాయంటూ ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2014లో ఆ రెండిటికీ కలిపి 18.25 కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఇంతటి ఆధారం ఉన్న మందులోనూ డాక్టరుకు ముప్పు ఉంది, అది మందు లోపల లేదు, సీసా దగ్గర ఉంది. క్యాన్సర్ సీసాలో 4 మిల్లీలీటర్లు ఉంటుంది, కంటికి కావలసింది 0.05. ఒక సీసాను పదుల మంది రోగులకు పంచాలి. పంచే గదిలో ఒక్క సూక్ష్మజీవి చేరితే పదుల కళ్లు పోతాయి. 2011లో ఫ్లోరిడాలో ఒకే ఫార్మసీ నుంచి వచ్చిన సిరంజిల వల్ల 12 మంది కళ్లకు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. 2016 జనవరిలో గుజరాత్‌లో ఇంజెక్షన్ తీసుకున్న 15 మంది చూపు దెబ్బతింది. వెంటనే డ్రగ్స్ కంట్రోలర్ ఈ మందును కంటికి వాడొద్దని దేశమంతటికీ హెచ్చరిక పంపారు. రెటీనా వైద్యులు గొల్లుమన్నారు. ఖరీదైన మందు కొనలేని రోగికి ఇది తప్ప వేరే దిక్కు లేదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నుంచే దీన్ని కంటి మందుగా తన జాబితాలో చేర్చిందని గుర్తుచేశారు. కొన్ని వారాల్లోనే ఆ హెచ్చరికను వెనక్కి తీసుకున్నారు. ఆ కొన్ని వారాలూ తన రోగికి ఇంజెక్షన్ వేయాలో మానాలో తెలియక నిలబడ్డ జిల్లా కంటి డాక్టరు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. వేస్తే చట్టం భయం, మానితే రోగి చూపు పోతుందన్న భయం.

లెట్రోజోల్‌కు మన దేశంలో ఇలాంటి దెబ్బే ఇంకా గట్టిగా తగిలింది. రుతుక్రమం ఆగిన స్త్రీల రొమ్ము క్యాన్సర్ మందు అది. అండం విడుదలయ్యేలా చేస్తుందని టొరంటో వైద్యులు 2000 ప్రాంతంలో చూపించాక, సంతానం లేని స్త్రీలకు విరివిగా రాశారు. 2005లో కెనడాలో ఒక సమావేశంలో 150 మంది శిశువుల మీద ఆధారపడిన చిన్న నివేదిక, పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువన్నది. మరుసటి ఏడాది 911 మంది శిశువుల లెక్క ఆ భయాన్ని తోసిపుచ్చింది. మన ప్రభుత్వం మాత్రం 2011 అక్టోబరులో ఆ వాడకాన్ని నిషేధించింది. ఆ నిషేధాన్ని ఎత్తేసేదాకా అది రాసిన డాక్టరు గీత దాటినవాడు మాత్రమే కాదు, నిషేధాన్ని ఉల్లంఘించినవాడు. 2014లో అమెరికాలో అండం సరిగా విడుదల కాని పీసీఓఎస్ అనే సమస్య ఉన్న 750 మంది స్త్రీలతో జరిగిన ప్రయోగంలో లెట్రోజోల్ తీసుకున్నవారిలో 27.5 శాతానికి బిడ్డలు పుట్టారు, పాత మందు క్లోమిఫీన్‌తో 19.1 శాతానికి. ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పీసీఓఎస్‌కు మొదటి మందు అదే. శాస్త్రం ఒకచోట, ఉత్తర్వు ఒకచోట ఉన్న రోజుల్లో డాక్టరు ఉత్తర్వుకే కట్టుబడాలి. శాస్త్రం చేతిలో పట్టుకుని వెళ్లి ఉత్తర్వు మార్పించే పని ఆయన సంఘం చేయాలి.

కంపెనీల పాత్ర గురించి ఎంత చెప్పినా తక్కువే, కానీ ఇక్కడ ఒక్కటే చెబుతాను. మూర్ఛకు వచ్చిన గాబాపెంటిన్‌ను ఆధారం లేని జబ్బులకు కూడా రాయించడానికి వార్నర్-లాంబర్ట్ కంపెనీ డాక్టర్లను విందులకు, సమావేశాలకు తిప్పిందని ఆ కంపెనీలోనే పనిచేసిన డేవిడ్ ఫ్రాంక్లిన్ బయటపెట్టాడు. 2004లో కంపెనీ నేరం ఒప్పుకుని 43 కోట్ల డాలర్లు కట్టింది. కట్టగలిగింది కాబట్టి కట్టింది. ఆ మాటలు నమ్మి చీటీ రాసిన డాక్టరు, నమ్మి మింగిన రోగి ఆ డబ్బు లెక్కల్లో ఎక్కడా లేరు.

చివరగా మనవాడి మందు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో నడిపించిన ఫోలిక్ ఆసిడ్ పని నుంచి అమినోప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్ వచ్చాయి. రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ పనిచేసిందని సిడ్నీ ఫార్బర్ ప్రచురించిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. క్యాన్సర్‌ను దాటి తన మందు ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడలేదు. సోరియాసిస్‌కు వెళ్లింది, కీళ్లవాతానికి వెళ్లింది. ఆ రెండూ మొదట గీత బయటే మొదలై, తర్వాత పత్రంలోకి ఎక్కాయి. కీళ్లవాతానికి అమెరికాలో అనుమతి 1988లో వచ్చింది.

అండవాహికలో చిక్కుకున్న గర్భానికి ఈ మందు ఇవ్వడం మాత్రం అక్కడ ఇంకా ఆఫ్-లేబుల్‌గానే ఉంది. పైగా క్యాన్సర్ కాని జబ్బులకు గర్భిణులకు ఇవ్వకూడదని పత్రమే చెబుతుంది. అయినా ప్రపంచమంతా ఇస్తారు, ఇవ్వాలి కూడా, ఎందుకంటే వాహిక పగిలితే తల్లి ప్రాణమే పోవచ్చు. మందుతో తగ్గితే ఆపరేషన్ తప్పుతుంది, వాహిక మిగులుతుంది. ఇచ్చే ముందు గర్భం నిజంగా గర్భసంచి బయటే ఉందని స్కానుతో, రక్తపరీక్షతో నిర్ధారించుకోవాలి. తొందరపడి మామూలు గర్భాన్ని వాహికలో గర్భంగా పొరబడి ఇస్తే బిడ్డకు జీవితకాలపు హాని. ఇచ్చాక నాలుగో రోజు, ఏడో రోజు హెచ్‌సీజీ అనే గర్భపు హార్మోను పరీక్ష చేయాలి, మధ్యలో కనీసం 15 శాతం తగ్గిందో లేదో చూడాలి. తగ్గకపోతే రెండో మోతాదో ఆపరేషనో. రోగి ఊరు దూరమైతే, కడుపునొప్పి వస్తే అర్ధరాత్రయినా వచ్చే దారి ఉందో లేదో ముందే అడగాలి. లేకపోతే ఈ మందు ఆమెకు కాదు.

కీళ్లవాతానికి ఇచ్చినప్పుడు ఇదే మెథోట్రెక్సేట్‌తో ఇంకో ప్రమాదం ఉంది. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మాత్రను రోజూ వేసుకుని, ఎముక మజ్జ ఎండిపోయి, నోటినిండా పుండ్లతో ఆసుపత్రికి వచ్చినవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. మన మందుల షాపుల్లో చీటీ మీద ఓడీ (రోజుకొకసారి), బీడీ (రోజుకు రెండుసార్లు) అన్న పొడి అక్షరాలు చూసి మాత్రలు కట్టే అలవాటు. అందుకే జాగ్రత్త గల డాక్టర్లు ఆ మాత్ర ఎదురుగా వారం పేరు తెలుగులో రాసి, చుట్టూ సున్నా చుడతారు. "ఆదివారం మాత్రమే." కింద ఇంకో గీతలో, ఫోలిక్ ఆసిడ్ మాత్ర వేరే రోజు, "బుధవారం". రోగి చదువుకోకపోతే కూతుర్నో కోడల్నో లోపలికి పిలిచి, ఏ రోజు ఏ మాత్రో ఆమె నోటితో తిరిగి చెప్పించుకుని, అప్పుడు చీటీ చేతిలో పెడతారు.